బంతి చిన్నదైతే ముప్పు పెద్దదే!

మీరు ఆఫీసుకని తలుపు వేశారో లేదో ఇంట్లో లాబ్రడార్ సోఫా పని పట్టేస్తుంది. చెప్పులు, రిమోటు, దిండ్లు... దేన్నీ వదలదు. పొద్దు పోక దాని బాధ దానిది మరి! అందుకే ఈమధ్య చాలామంది లోపల తాయిలం పెట్టి ఇచ్చే రబ్బరు బొమ్మలు కొంటున్నారు. దాన్ని నాకుతూ, దొర్లిస్తూ, కొరుకుతూ కుక్క చాలాసేపు కుస్తీ పడుతుంది. ఆలోచన మంచిదే. పామరేనియన్‌కి కొన్న బొమ్మనే ముప్ఫై కిలోల లాబ్రడార్‌కీ ఇస్తేనే చిక్కంతా.

ఈ బొమ్మల్లో బాగా పేరున్న ‘కాంగ్’ పుట్టుక తమాషాగా జరిగింది. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకునేది. ఆయన పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ విడిభాగాలు దాని ముందుకు విసిరితే, సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క ఒకటి దానికి తెగ నచ్చేసింది. ఆ ఆకారమే తర్వాత బొమ్మయింది. ఇందులో ఎర్రది మామూలు కుక్కలకి, నల్లది గట్టిగా కొరికేవాటికి. రాట్‌వీలర్ లాంటివాటికి నల్లదే నయం. ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది కానీ సోఫా కంటే చవకే!

కొనేముందు కుక్క నోరు గుర్తుతెచ్చుకోండి. కోరపళ్లు దాటి మొత్తంగా లోపలికి వెళ్లిపోయే బంతి వద్దేవద్దు. జొల్లుకి జారి గొంతుకి అడ్డం పడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. రెండు సైజుల్లో ఏది తీసుకోవాలో తేలకపోతే పెద్దదే తీసుకోండి.

చాలామంది పట్టించుకోనిది రంధ్రాల సంగతి. బొమ్మకి ఒకే రంధ్రం ఉంటే, కుక్క నాలుక దూర్చి నాకేకొద్దీ లోపలి గాలి పోయి బొమ్మ నాలుకను పీల్చి పట్టేస్తుంది. రక్తం ఆడక నాలుక వాస్తుంది. వాచేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. అమెరికాలో ఓ కుక్కకి ఇలాగే ఒంటి రంధ్రం బంతిలో నాలుక ఇరుక్కుంటే చివరికి నాలుకే తీసేయాల్సొచ్చింది. గొడవ పెద్దదై 2008లో ఆ బంతుల్ని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. రెండోవైపు ఇంకో రంధ్రముంటే గాలి ఆడుతుంది, ఈ గండం తప్పుతుంది. దుకాణంలోనే తిప్పి చూసుకోండి.

మన్నాలి కదాని మరీ రాయిలాంటిదీ పనికిరాదు. ఎముకలు, కొమ్ములు, గట్టి నైలాన్ కొరికితే పై దవడలోని పెద్ద పన్ను నిలువునా చీలొచ్చు. గోటితో నొక్కి చూడండి. కాస్తయినా లొంగితేనే కొనండి.

లోపల ఏం పెట్టాలి? రోజూ తినే డ్రైఫుడ్, ఉడికించిన క్యారెట్, పెరుగన్నం... ఏదైనా సరే. కూరి ఫ్రీజర్‌లో పెడితే ఎండాకాలం ఎక్కువసేపు నాకుతుంది. పెట్టినంతా పూట తిండిలోంచి తగ్గించాల్సిందే. లాబ్రడార్ ఉన్నవాళ్లు మరీను! ఆకలిని అదుపులో పెట్టే జన్యువులో లోపం ప్రతి నాలుగు లాబ్రడార్లలో దాదాపు ఒకదానికి ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. పీనట్ బటర్ పెట్టేటట్టయితే డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చదవండి. ఆ తీపి పదార్థం కుక్కలకి విషం. కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ కూడా వద్దు.

మొదటి నాలుగు రోజులూ మీ ఎదుటే ఆడనివ్వండి. ముక్కలు ఊడుతుంటే మొహమాటపడకుండా చెత్తబుట్టలో వేసేయండి. ముక్క మింగేసి వాంతులు చేసుకుంటున్నా, తిండి మానేసినా, విరేచనం కాకపోయినా పేగుల్లో అడ్డుపడిందేమో! తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మిగిలిన బొమ్మ ముక్కలూ వెంట పట్టుకెళ్తే, ఎంత మింగిందో ఆయనకి అంచనా దొరుకుతుంది.