కోతకు ముందు రైతు మనసు

మిర్చి రైతు నష్టపోతే, తెలివిగా నిర్ణయం తీసుకోలేదని తేలిగ్గా అనేస్తాం. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చదివితే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, మరో ఇద్దరు పరిశోధకులు తమిళనాడు చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక మరోసారి పరీక్షించారు. మనుషులు వాళ్లే. కోతకు ముందు మాత్రం తప్పులు ఎక్కువ, జవాబులు ఆలస్యం. డబ్బు దిగులు బుర్రలో చోటంతా ఆక్రమిస్తుందన్నది వారి వివరణ. తర్వాత వేరేచోట్ల జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఇదే ఫలితం రాలేదు. అయినా 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం పల్లెలను చూసినవారికి తమిళనాడు ఫలితంలో వింతేమీ కనిపించదు.

పురుగుమందుల కొట్టు ముందు నిలబడ్డ కౌలు రైతును చూడండి. పాత బాకీ తీరలేదు, కొత్త సరుకూ అరువే. కొట్టువాడు మూడు సీసాలు చేతిలో పెడితే మూడూ తీసుకుంటాడు. సీసా మీది సన్నక్షరాలు చదివే స్థిమితం అతనికి ఎక్కడిది? దాన్ని తెలివితక్కువతనం అనడం అన్యాయం.

కౌలు కార్డు, పంట రుణం, బీమా కాగితాల కోసం అతన్ని తిప్పేది కూడా చేతిలో రూపాయి ఆడని ఆ రోజుల్లోనే. మిర్చి యార్డుకు టిక్కీలు (బస్తాలు) చేరి సొమ్ము ముట్టే వేసవిలోనే, ఊళ్లోనే, రైతు సేవా కేంద్రాల సిబ్బంది ఆ పని పూర్తిచేసేలా ప్రభుత్వం ఆదేశించాలి.