వెర్రి నువ్వులు

ముందే చెప్పేస్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, దీర్ఘాలు తేడాగా ఉంటే ఎడిటర్ గారు సరిచేస్తారు. విషయం మాత్రం నాదే.

మొన్న సంక్రాంతి సెలవులకి అరకు ఇంటికి వెళ్ళాను. ఒక వీడియోలో వియత్నాం ఆవిడ "బాన్ రాన్" చేస్తుంటే చూసి, మనమూ ట్రై చేద్దాం అనిపించింది. పైన నువ్వులు, లోపల తియ్యటి పెసరపప్పు ముద్ద, నూనెలో వేస్తే బంతిలా పొంగుతుంది. ఉత్తర వియత్నాంలో బాన్ రాన్ అంటారు, దక్షిణాన దాదాపు ఇలాంటిదాన్నే బాన్ కామ్ అంటారు. బాగా కుదిరితే, ఊపినప్పుడు లోపలి ముద్ద గలగలలాడుతుందట.

నావి గలగలలాడలేదు. పేలాయి.

పెసరపప్పు ఉడికించి, బెల్లం వేసి ఉండలు చేశాను. బియ్యప్పిండి తడిపి వాటి చుట్టూ పెట్టి, డబ్బాలో ఉన్న నువ్వులన్నీ పోసి దొర్లించాను. నూనెలో వెయ్యగానే పగుళ్ళు, పప్పంతా బయటికి. ఒకటి టప్‌మని పేలి నా మణికట్టు మీద నూనె పడింది. అమ్మ పరిగెత్తుకొచ్చి, చెయ్యి నీళ్ళ కింద పెట్టించి, మూకుట్లోకి చూసి, "ఏట్రా ఇది? బూరిని నువ్వుల్లో దొర్లించేవా?" అంది.

తర్వాత చదివితే అర్థమైంది. వాళ్ళు వాడేది జిగురు బియ్యం పిండి. అందులో అమైలోజ్ దాదాపు ఉండదు, అందుకే పిండి రబ్బరులా సాగుతుంది. లోపల ఆవిరి నెట్టినా చిరగదు. మన మామూలు బియ్యప్పిండికి ఆ సాగుడు లేదు. సీఎస్ఈ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, లైబ్రరీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా కోడ్ కాపీ కొట్టి రన్ చేశాను.

ఈ సమస్యకి మన వంటింట్లో ఎప్పటినుంచో జవాబులు ఉన్నాయి. బూరెకి పైపూతలో మినప్పప్పు రుబ్బి కలుపుతారు, అది పట్టుకుంటుంది. అరిసెకి బెల్లం పాకం పట్టుకుంటుంది. రాత్రంతా నానిన బియ్యాన్ని తడి మీదే దంచి, పాకం నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టే దశలో దించి, పిండి కలుపుతారు. పాకం ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతదైతే నూనెలో విడిపోతుంది. అమ్మమ్మ దీనికి థర్మామీటర్ వాడదు. గిన్నెలో నీళ్ళు, రెండు వేళ్ళు, అంతే.

ఆ రోజు ఇంట్లో అరిసెల పిండి కూడా సిద్ధంగా ఉంది. కానీ నువ్వులన్నీ నేను తగలేశాను కదా! అమ్మమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి ఒక మూట తెచ్చింది. సన్నగా, పొడుగ్గా, నల్లగా మెరుస్తున్న గింజలు. వలిసెలు. వాటినే అరిసెల మీద అద్ది వేయించింది. నువ్వుల కంటే కొంచెం ఘాటు, కాస్త వేరుశనగ వాసన. నేను ఆరు తిన్నాను.

వలిసెలు అంటే మీకు తెలియకపోవచ్చు, కానీ మీ ఫోన్‌లో ఉన్నాయి. నవంబరు, డిసెంబరుల్లో అరకు వచ్చి పసుపు పూల మధ్య నిలబడి మీరు దిగే ఫోటో ఉంది చూడండి, ఆ పూలు అవే. ఇంగ్లీషులో నైజర్. ఈ పంట పుట్టిల్లు ఇథియోపియా కొండలు. పెద్దగా నీళ్ళు, ఎరువులు అడగదు, రాళ్ళ వాలులో కూడా పండుతుంది, తేనెటీగలకి పండగ. గింజలో మూడో వంతుకి అటూ ఇటూగా నూనె ఉంటుంది. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఇంట్లో వంటకి అదే నూనెట.

రూమ్‌కి తిరిగొచ్చాక దీనికి తెలుగులో ఇంకో పేరుందేమో అని వెతికాను. "వెర్రి నువ్వులు" అని వచ్చింది.

కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. "వెర్రి" అంటే ఇక్కడ పిచ్చి అని కాదు, అసలుది కాదు, అడవిది అని. వెర్రిపుచ్చ అంటాం కదా, అలా. అంటే అసలు నువ్వులు కింద పండేవి, మావి నకిలీ. పేరు పెట్టినవాళ్ళు చెడు ఉద్దేశంతో పెట్టారని నేను అనను. కానీ పువ్వుకేమో క్యూ కట్టి ఫోటోలు, గింజకేమో ఈ పేరు. అది నాకు నచ్చలేదు.

ఇక్కడ నా పాయింట్. ఒక పంట పొలంలో బతకాలంటే దాన్ని ఎవరో ఒకరు తినాలి. కాఫీనే చూడండి. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ ట్యాగ్ వచ్చింది, వైజాగ్ కేఫ్‌లో పేరు చెప్పి మరీ ఆర్డర్ చేస్తాం. వలిసెలకి ఆ మర్యాద లేదు. తమాషా ఏంటంటే, మన దేశపు నైజర్ గింజలు అమెరికా దాకా వెళ్తాయి. మనుషులకి కాదు, పెరట్లో వాలే పిట్టలకి మేతగా. అక్కడి పిట్టకి తెలిసిన రుచి వైజాగ్‌లో ఉన్న మనకి తెలీదు!

"ఫోటోల వల్ల రైతుకి డబ్బులొస్తున్నాయిగా" అని మా రూమ్మేట్ అన్నాడు. నిజమే. మా ఊరి దగ్గర మనిషికి ఇరవై రూపాయలు తీసుకుంటారు. కానీ ఆ డబ్బు రోడ్డు పక్క పొలానికే. లోపలి పొలాలకి కారు వెళ్ళదు, ఇరవయ్యీ రాదు. మా పెదనాన్న పొలం లోపలే. ఈసారి ఆయన సగం చేలో వలిసెలు మానేసి రాజ్‌మా వేశాడు. అడిగితే, "కొనేవోడు ఉన్నదే ఏసుకోవాల గదరా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈసారి మన బ్యాచ్ కిరండూల్ ట్రైన్ ఎక్కినప్పుడు మూడు పనులు చెయ్యండి. ఒకటి, పూలలో కూర్చోకండి, కాడ విరిగితే గింజ లేనట్టే. రెండు, సంతకెళ్ళి "వలిసెలు ఉన్నాయా" అని అడిగి ఒక పావుకిలో కొనండి. మూడు, ఇంటికి తెచ్చి వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో పొడి కొట్టించండి, లేదా అరిసెల మీద అద్దించండి. నూనె దొరికితే పోపులకి వాడుకోండి. ఎక్కువసేపు కాచి, మళ్ళీ మళ్ళీ వేపుళ్ళకి వాడే నూనె కాదది.

వియత్నాం వంట చెయ్యొద్దని నేను అనడం లేదు. నేను మళ్ళీ చేస్తాను, ఈసారి జిగురు బియ్యం పిండి ఆర్డర్ పెట్టుకుని. పైన నువ్వులకి బదులు వలిసెలు అద్దుతాను. నా అరిసెల డబ్బా హాస్టల్‌కి తెచ్చిన రోజు గుంటూరు ఫ్రెండ్ ఒకటి నోట్లో వేసుకుని "పైన నల్లగా ఏంట్రా ఇవి?" అని అడిగాడు.

వలిసెలు అని చెప్పాను. రెండో పేరు చెప్పలేదు.