కలసి పనిచేయుట కూడ ఒక విద్యయే

"మానవుడు సంఘజీవి" అన్న వాక్యంతో వ్యాసం ప్రారంభించడం కళాశాల వార్షిక సంచికలలో చాలకాలంగా వస్తున్న ఆచారం. విద్యార్థి దశలో నేను కూడ అట్లే ప్రారంభించి ఒక వ్యాసరచన పోటీలో బహుమతి గెలుచుకొన్నాను. కాని ఆ వాక్యం వ్రాసినంత మాత్రాన, మరొక మనిషి పక్కన కూర్చొని ఒక పనిని సక్రమంగా నెరవేర్చే నేర్పు అలవడదని ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే నాకు తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని దాచుకొనక చెప్పడం వలన మన విద్యార్థులకు కొంత మేలు కలుగునన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది వేంపల్లె నుండి ఎర్రగుంట్లకు పోయే దారిలోని వీరపునాయునిపల్లె. వానను నమ్ముకొని వేరుసెనగ విత్తే కుటుంబంలో పుట్టి, తెలుగు శాఖలో చదివి, మంచి మార్కులతో బయటపడి, ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. నా బల్లకు ఆనుకొని ఉన్న బల్ల వద్ద ఉద్యోగ విరమణకు దగ్గరపడిన ఒక సాయిబుగారు పనిచేసేవారు. ఆయనకు పెద్ద చదువు లేదు. అయితే పాత రికార్డులలోని ప్రతి గీత, ప్రతి పొడి అక్షరం ఆయనకు కంఠస్థం. నాకేమో పట్టా ఉన్నది. ఆ పట్టాయే నాకు ఆయనకు మధ్య గోడయై నిలిచింది.

ఆ యేడు వానలు తప్పి, కరువు సాయం పొందదగిన రైతుల జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. భూమి రికార్డు చూచి పేర్లు ఎక్కించాలి. ఒక చోట ఒక రైతు పేరు వ్రాసి ప్రక్కన "వగైరా" అని ఉన్నది. వగైరా అనగా మరికొందరని ఎవరికి తెలియదు? కాని ఆ మరికొందరి పేర్లు వెదకవలసింది ఎదుటి పేజీ చివర "షరా" అన్న కాలంలోనని నాకు తెలియదు. రెండడుగుల దూరంలో తెలిసినవారు ఉన్నారు. అడిగితే చులకన అవుతానని అడగలేదు. మొదటి పేరు మాత్రమే ఎక్కించి ముందుకు సాగాను. అసలుతో నకలు ఒప్పుచూచి సంతకం చేయవలసిన సాయిబుగారు, చదువుకున్న కుర్రవాడు గదా అని నన్ను నమ్మి సంతకం చేశారు.

ఫలితంగా ఆ పొలంలో భాగస్థులైన ఇద్దరు అన్నదమ్ముల పేర్లు జాబితాలో లేకుండా పోయాయి. తప్పు దిద్ది డబ్బు వారి చేతికి అందేసరికి విత్తే అదను దాటిపోయింది. పై అధికారి మమ్మల్నిద్దరినీ పిలిచి, ఒప్పుచూచినది ఎవరని గద్దించినప్పుడు సాయిబుగారు "నేనే" అన్నారు. వ్రాసినది నేను, నోరు మెదపలేదు. ఆ మౌనం మూడు రోజులు నాకు నిద్ర పట్టనీయలేదు. నాలుగవనాడు అధికారి వద్దకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పి, తిరిగివచ్చి సాయిబుగారిని క్షమాపణ వేడుకొన్నాను. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొంటూ, "తప్పు రాసినందుకు కాదబ్బీ నాకు బాధ. పక్కనే కూచున్న నన్ను ఒక్క మాట అడగకపోతివే" అన్నారు. నాకు ఏ ఆచార్యుడూ చెప్పని పాఠం అది. ఆ అన్నదమ్ముల పొలం మాత్రం ఆ యేడు బీడుగానే ఉండిపోయింది. నా పశ్చాత్తాపం వారికి గింజ పండించలేదు.

ఇంత చదివినవానికి అడగడానికి నామోషీ ఎందుకు కలిగిందని తరువాత చాలాసార్లు ఆలోచించాను. పదిహేను సంవత్సరాల చదువులో మేము నేర్చుకొన్న నియమం ఒక్కటే. పరీక్ష గదిలో పక్కవానిని అడుగుట నేరం. నీకు తెలిసినది పక్కవానికి కనబడకుండ చేయి అడ్డుపెట్టుకొనుట తెలివి. పరీక్ష వరకు ఆ నియమం న్యాయమే. ఎవరి జ్ఞానమెంతో తెలియాలంటే అట్లే కొలవాలి. కాని కచేరీలో, ఆసుపత్రిలో, కార్ఖానాలో, పాఠశాలలో నియమం తలక్రిందులవుతుంది. అచ్చట తెలియనిది అడగకపోవడమే నేరం, తెలిసినది దాచుకోవడమే తెలివితక్కువ. ఈ మార్పును గురించి విద్యార్థిని హెచ్చరించేవారు లేరు. పట్టా చేతబట్టుకొని బయటికి వచ్చినవాడు జీవితమంతా చేయి అడ్డుపెట్టుకొనియే పనిచేస్తాడు. నా అభిప్రాయంలో, ఉద్యోగ జీవితంలో మనిషి వికాసానికి కొలత ఒక్కటే: ఇతరుల తెలివికి తన పనిలో ఎంత చోటివ్వగలడు, ఇచ్చిన తరువాత వారి పేరును ఎంత నిజాయితీతో చెప్పగలడు అన్నదే.

ఇందుకు దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. మన కడపలోనే ఉన్నవి. కలకత్తాలో 1798లో జన్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసుకు వచ్చి, కంపెనీ ఉద్యోగులకు విధించిన నియమం ప్రకారం తెలుగు అక్షరాలు దిద్దుకొన్నాడు. 1820లో కడప కలెక్టరు వద్ద సహాయకుడుగా ప్రవేశించాడు. పాలించే జాతివాడు, చేతిలో అధికారమున్నవాడు. తనకు తెలియదని ఒప్పుకోవలసిన అగత్యం అతనికి లేదు. అయినను కడపలో బంగళా కొని, పండితులను, వ్రాయసగాండ్రను చేరదీసి, సొంత జీతం నుండి వారికి జీతాలిచ్చి పని చేయించాడు. ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, నకళ్లు వ్రాయించి, పాఠభేదాలు పోల్చి దిద్దించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. మనుచరిత్ర వంటి ప్రౌఢ ప్రబంధానికి జూలూరి అప్పయ్య పండితుని చేత వ్యాఖ్య వ్రాయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది.

ఉర్దూ, తెలుగు రెండును చదివే మన కళాశాలవారు ప్రత్యేకించి గుర్తుంచుకోదగిన పుస్తకం మరొకటి ఉన్నది. తెలుగులో కలసిపోయిన పారశీక, హిందుస్తానీ మొదలైన అన్యదేశ్య పదాలకు బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. కచేరీ, దరఖాస్తు, వకీలు, రాజీనామా, జవాబు, వగైరా, షరా వంటి మాటలు లేనిదే మన పల్లె రైతు ఒక్క దినం గడపలేడు. ఇవి ఎవరి మాటలని అడిగితే ఏమి చెప్పగలం? రెండు వర్గాలవారు తరతరాలుగా ఒకే కచేరీలో, ఒకే సంతలో, ఒకే పొలం గట్టున పనిచేసినందున పుట్టిన ఉమ్మడి ఆస్తి అది. కలసి పనిచేసినవారి భాషలు సైతం కలుస్తాయనుటకు ఇంతకన్న సాక్ష్యం కావాలా?

అయితే బ్రౌను కథలో మరొక పాఠం కూడ ఉన్నది. నిఘంటువు అట్టపై ఉన్న పేరు బ్రౌనుది. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఒక మహాకార్యం ముగిసిన తరువాత లోకం ఒక పేరును మాత్రమే గుర్తుపెట్టుకొంటుంది. తక్కినవి "వగైరా"లో చేరిపోతాయి. వగైరాలో ఉన్నవారిని షరాలో వెదకి పైకి తీయడం కలసి పనిచేసేవాని ధర్మం. నేను ఆనాడు చేయనిది సరిగా అదే.

బ్రౌను నివసించిన బంగళా కాలక్రమాన శిథిలమైపోగా, ఆ స్థలంలోనే ఆయన పేర గ్రంథాలయం వెలిసినది. 2014లో కన్నుమూసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు అందుకు కంకణం కట్టుకొని, గడపగడపకూ తిరిగి పోగుచేసిన విరాళాలు దానికి పునాది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉన్నది. పట్టుదల ఒకరిదైనా, చేతులు వేలాది మందివి.

ఇక రెండవ ఉదాహరణ. కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించిన బి. నాగిరెడ్డిగారు ముద్రణలోను, వ్యాపార నిర్వహణలోను ఆరితేరినవారు. తెనాలికి చెందిన చక్రపాణిగారు మదనపల్లె శానటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకొని, శరత్ నవలలను తెనిగించిన రచయిత. స్వభావం వేరు, ప్రాంతం వేరు, నేర్పు వేరు. ఒకరికి లేనిది రెండవవారికి ఉన్నది కనుకనే వారి స్నేహం నిలిచింది. 1947 జూలైలో "చందమామ" వారి చేతుల మీదుగా వెలువడి ఆరు దశాబ్దాలకు పైగా పిల్లలను అలరించింది. ఆ పత్రికను దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు అందులో తమ పేరు కనబడకపోయినా పనిలో లోటు రానీయలేదు.

విజయా సంస్థవారి చిత్రాలలో నిర్మాతలుగా "నాగిరెడ్డి – చక్రపాణి" అని రెండు పేర్లు జంటగానే కనబడతాయి. 1957 నాటి "మాయాబజార్"నే చూడండి. తాడిపత్రి ప్రాంతపు దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు, పాటలు కూర్చిన పింగళి నాగేంద్రరావు, సంగీతం సమకూర్చిన ఘంటసాల, వెన్నెలను తెరపై కురిపించిన ఆంగ్లో ఇండియను ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే – వీరిలో ఎవరి పని వారిదే. కాని ఒకరి పని లేక రెండవవారి పని నిలువదు. నిర్మాత కెమెరా పట్టబోలేదు, కవి లెక్కలు వ్రాయబోలేదు. ఎవరికేది తెలుసునో గుర్తించి, అది వారికి వదలిపెట్టడం నాయకత్వంలో సగపాలు. నాగిరెడ్డిగారికి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించినది. ఆయన అన్నగారు బి.ఎన్. రెడ్డి 1974 సంవత్సరానికే ఆ గౌరవం అందుకొన్నారు. వానలు లేని సీమ నుండి పోయినవారు ఇంతటి పంట పండించిరనుట మనకు గర్వకారణం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. కలసిమెలసి ఉండుట మాకు ఒకరు నేర్పవలెనా? పీర్ల పండుగకు ఊరంతా కదిలే సీమ కాదా ఇది? ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు పోయి పూజలు చేసే జిల్లా కాదా ఇది? నిజమే. కాని కలసి ఉండుట వేరు, కలసి పనిచేయుట వేరు. పండుగలో అందరిదీ ఒకే సంతోషం, తేడాలు బయటపడవు. పనిలో గడువు ఉంటుంది, లెక్క ఉంటుంది, తప్పు ఉంటుంది, తప్పు ఎవరిదన్న ప్రశ్న ఉంటుంది. మనిషి గుణం తేలేది అచ్చటనే. అన్నిటికీ తల ఊపుట సహకారం కాదు. సాయిబుగారు నన్ను నమ్మి చదవకుండ సంతకం చేయుట మంచితనమే, కాని ఆ మంచితనం రైతుకు నష్టం తెచ్చింది. గౌరవం చెడకుండ "ఇది తప్పు" అని చెప్పగలగడం, చెప్పినప్పుడు ముఖం ముడుచుకోకుండ వినగలగడం – ఈ రెండూ ఉన్నచోటనే పని నిలుస్తుంది. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతగాండ్రను చూడండి. పడుగు బిగువుగా ఉండాలి, పేక దానికి అడ్డుగా నడవాలి. రెండూ ఒకే దిక్కుకు సాగితే బట్ట కాదు, నూలు చిక్కు.

చివరగా, కళాశాల కార్యవర్గంలోని పెద్దలకు ఒక మనవి. ఈ సంచికను ఒకసారి చేతిలోకి తీసికొని చూడండి. ఎడమ నుండి తెరిస్తే తెలుగు, కుడి నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాగాలు నడుమ ఎక్కడో కలుస్తాయి. తెలుగు భాగం చదివినవారు ఆ నడిమి పేజీ వద్ద ఆగి పుస్తకం మూసివేస్తారు. ఉర్దూ భాగం చదివినవారును అంతే. ఒకే దారంతో కుట్టిన ఈ రెండు భాగాలకు ఆ దారం తప్ప వేరు సంబంధం లేకుండుట విచారకరం. రాబోవు సంవత్సరం ప్రతి ఉర్దూ వ్యాసానికి తెలుగు విద్యార్థి ఒకడు, ఉర్దూ విద్యార్థి సాయంతో తెలుగు సారాంశం వ్రాయాలి. ప్రతి తెలుగు వ్యాసానికి అట్లే ఉర్దూ సారాంశం రావాలి. దాని క్రింద ఇద్దరి పేర్లూ వేయాలి. ఖర్చు కొద్ది కాగితాలు మాత్రమే. వ్రాయువాడు అడుగక తప్పదు, తెలిసినవాడు చెప్పక తప్పదు. తరగతులలో కూడ సంవత్సరానికి ఒక్క పనియైన నలుగురికి ఉమ్మడిగా అప్పగించి, ఎవరు ఏమి చేసిరో వారి చేతనే వ్రాయించి మార్కులు వేయవలెను. అప్పుడు పనిదొంగ దాగలేడు, పనిమంతుని పేరు మరుగున పడదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో ఒకరు ఉపాధ్యాయులవుతారు, ఒకరు ఇంజనీరు, ఒకరు అంగడి యజమాని. ఎక్కడికి పోయినా మీ పక్క బల్ల వద్ద ఒక పెద్దమనిషి కూర్చొని ఉంటాడు. ఆయనకు మీ అంత చదువు ఉండకపోవచ్చును. మీ మతం, మీ భాష కాకపోవచ్చును. చేరిన మొదటి దినమే ఆయనకు నమస్కారమో సలామో చేసి, మీకు తెలియనిది ఒకటి అడగండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను. ఆ ఆలస్యానికి వెల కట్టినవారు ఇద్దరు రైతులు.