బీడు మీద బంతి

లింక్స్ గోల్ఫ్ కోర్సుల గురించి మనవాళ్లు ఏం రాసినా సముద్రపు గాలి, పచ్చదనం. పచ్చదనం ఎక్కడిది? స్కాట్లాండ్‌లో లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ నడుమ, నాగలికి పనికిరాని ఇసుక నేల. వాన నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. సన్నటి ఫెస్క్యూ గడ్డి ఎండలకు గోధుమరంగుకు తిరుగుతుంది. నేల గట్టిగా ఉంటుంది కాబట్టే బంతి అంత దూరం దొర్లుతుంది. ఒకప్పుడు గొర్రెలు మేసిన చోటు. మా మరిపెడలో అయితే దాన్ని బీడు అంటాం, ఎవడూ వ్యాసం రాయడు.

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆదివారం ఆట బంద్. ఊరి జనం కుక్కల్ని వెంటేసుకుని దాని మీదే తిరుగుతారు. మన గోల్కొండ నయా ఖిలాలోనూ గోల్ఫ్ కోర్సు ఉంది. అక్కడా ఒక ఆదివారం ఆట ఆపి, కోటను జనానికి వదలమని ముందు అడుగుదాం. గడ్డి అందం గురించి తర్వాత రాసుకోవచ్చు.