కొండదారిలో కరెంటు సైకిల్ – ఒంటరి పోటీదారు



మన కాలేజీ క్రీడోత్సవాలంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, నూరు మీటర్ల పరుగు. ఇవన్నీ మంచివే. కాని లోకంలో ఈమధ్య మరో ఆట పుట్టింది. బ్యాటరీ, మోటారు బిగించిన కొండ సైకిల్ మీద రాళ్లు రప్పలు దాటి పందెం తీయడం! అందులోనూ కొందరు పోటీదారులు ఒక వ్యాన్‌లో సైకిల్ వేసుకుని ఒక్కరే ఊరి నుంచి ఊరికి పందాలకు పోతుంటారు. వ్యానే ఇల్లు, వ్యానే వంటిల్లు, వ్యానే మెకానిక్ షాపు. వెంట కోచ్ ఉండడు, జట్టు ఉండదు.

ఈ మాట చెబితే మన మిత్రులు రెండు మాటలంటారు. "మోటారు పెట్టుకుని పందెమేంది? అదొక ఆటనా?" అనేది మొదటిది. "అది డబ్బున్నోళ్ల సోకు, మనకెందుకు?" అనేది రెండవది. ఈ రెండింటికీ జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట మోటారు సంగతి. మన తాతలు ఎడ్లతో మోట కొట్టి నీళ్లు తోడినారు. తర్వాత బావుల మీదికి కరెంటు మోటార్లు వచ్చినవి. మోటారు నీళ్లతో పండిన వడ్లు దొంగ వడ్లని ఎవరైనా అన్నారా? లేదు. ఎందుకంటే మోటారు నీళ్లు తోడుతుంది గాని నాటు వేయదు, కలుపు తీయదు, రేటు మాట్లాడదు. ఆ సైకిల్ మోటారూ అంతే. తొక్కితేనే సాయం చేస్తుంది, కాళ్లు ఆపితే అదీ ఆగుతుంది.

ఇక ఆ సాయం ఎంత? ప్రపంచ పోటీల నియమం ప్రకారం మోటారు శక్తి 250 వాట్లు మించరాదు. గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటగానే మోటారు తప్పుకోవాలి. మన బావి మీది 5 హార్స్ పవర్ మోటారు 3,730 వాట్లు. అనగా ఒక్క బావి మోటారు బలం సుమారు 15 సైకిళ్లకు సమానం! ఇంత చిన్న సాయం కోసం ఇరవై కిలోలు దాటిన బరువు సైకిల్‌ను మోయాలి. చదును నేల మీద 25 దాటితే ఆ బరువంతా కాళ్ల మీదనే పడుతుంది.

ఈ పోటీలో గెలిచినవారు బలహీనులనుకుంటే పొరపాటు. 2019లో కెనడాలోని మోంట్ సెయింట్ ఆన్‌లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటిసారి జరిగింది. పురుషులలో దక్షిణాఫ్రికాకు చెందిన అలన్ హాథర్లీ, స్త్రీలలో స్విట్జర్లాండ్‌కు చెందిన నథాలీ ష్నైటర్ గెలిచారు. అదే హాథర్లీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మోటారు లేని కొండ సైకిల్ మీద కాంస్య పతకం తెచ్చుకున్నాడు. ఇంతకన్న రుజువు ఏం కావాలి?

ఐతే మోసం ఎక్కడుంది? దాచడంలో ఉంది. 2016లో బెల్జియంలో జరిగిన సైక్లోక్రాస్ ప్రపంచ పోటీల్లో ఒక క్రీడాకారిణి సైకిల్‌లో దాచిన మోటారు దొరికింది. ఆమెను ఆరేళ్లు బహిష్కరించారు. మోటారు ఒకటే! పదిమందికీ చెప్పి, అందరికీ ఒకే హద్దు పెడితే ఆట. ఒక్కడే దాచుకుంటే దొంగతనం. ఈ ధర్మం పరీక్ష హాలుకూ వర్తిస్తుందని మన మిత్రులకు వేరే చెప్పనక్కర లేదు!

ఇక ఒంటరి ప్రయాణం సంగతి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు వెంట సుమారు నూరుమంది పరివారం ఉన్నది. నేటి ఈ పోటీదారుకు తన రెండు చేతులే పరివారం. రాత్రి వ్యాన్ నడపాలి, వండుకోవాలి, చెయిన్ కడగాలి, బ్యాటరీ నింపాలి, తెల్లారి పందెం తీయాలి.

అసలు కష్టం బ్యాటరీ లెక్కలో ఉంది. 60 కిలోల మనిషి, 24 కిలోల సైకిల్ కలిసి 300 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే మన ఫిజిక్స్ సూత్రం ప్రకారం సుమారు 69 వాట్ అవర్ల శక్తి కావాలి. 500 వాట్ అవర్ల బ్యాటరీతో ఏడుసార్లు ఎక్కవచ్చని కాగితం చెబుతుంది. కాని మోటారు వేడికి కొంత, బురదకు కొంత, రాళ్లకు కొంత పోతుంది. మొదటి గుట్ట మీదే అంతా ఖర్చు చేసినవాడు చివరి గుట్టను బరువు సైకిల్‌తో ఉత్త కాళ్ల మీద ఎక్కాల్సిందే! మళ్లీ నింపుదామంటే వ్యాన్‌లో ఉన్న 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే చెడిపోతుంది. అంటే సైకిల్ బ్యాటరీని ఒక్కసారే నింపగలం.

మిత్రులారా, ఈ లెక్క మనకు కొత్తనా? బావిలో ఉన్న నీళ్లు చూసి ఏ మడి ముందు, ఏ మడి వెనక అని తేల్చుకునే రైతు చేసే లెక్క ఇదే కదా! చెరకు ఫ్యాక్టరీ గేటు ముందు వంతు కోసం బండి కిందనే వండుకుని తిని పడుకున్నవాళ్లు మన పెద్దలు. బొంబాయి రోడ్డు మీద లారీ డ్రైవర్లు నేటికీ ఆ బతుకే బతుకుతున్నారు. కాబట్టి బండిలో బతకడం, ఉన్నదాన్ని పొదుపుగా వాడడం సోకుగాళ్లు కనిపెట్టిన విద్య కాదు. అది మన ఇంటి విద్య. మనకు లేనిది సైకిల్ ఒక్కటే!

అది ఖరీదైన మాట నిజం. మంచి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ లక్షల్లో ఉంటుంది. ఎకరం రెండెకరాల రైతు కొడుక్కి కొనమని చెప్పడం ఎగతాళి అవుతుంది. కాని మాలావత్ పూర్ణ సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చి, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. గుట్ట మనదే, పిల్లా మన పిల్లే. గురుకుల విద్యాలయాల సంస్థ వెనక నిలబడింది కాబట్టే శిఖరం అందింది. ఒంటరిగా ఎక్కేవారికి కూడా వెనక ఒక చెయ్యి కావాలి.

మన దగ్గర జరిగేదేమిటి? జట్టుగా పోతే బస్సు చార్జీ, భోజనం ఖర్చు దొరుకుతాయి. ఒక్కడే పోతానంటే "నీ వెంట ఎవరు?" అనే ప్రశ్న ఒక్కటే దొరుకుతుంది. అమ్మాయి అడిగితే ఆ ప్రశ్న కూడా ఉండదు, తలుపే మూస్తారు. ఆమెకు కావలసింది జాలి కాదు. పందెం జరిగే చోట వెలుతురున్న పార్కింగ్, శుభ్రమైన మరుగుదొడ్డి, అడిగితే పలికే మనిషి. ఇవి ఏర్పాటు చేయడం కష్టమా?

జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి, కరెంటు ఆటోలు తయారవుతున్నాయి. ఊరి చుట్టూ మొరం గుట్టలు, బండ్ల బాటలు ఉన్నాయి. మన యూనియన్ వచ్చే ఏడాది రెండు మూడు మామూలు కరెంటు సైకిళ్లు సంపాదించి, కాలేజీ ఆస్తిగా ఉంచి, వంతులవారీగా ఒక పందెం పెట్టాలని నా మనవి. మన దేశంలో 250 వాట్లలోపు, 25 కిలోమీటర్ల వేగంలోపు సైకిల్‌కు లైసెన్సు కూడా అక్కర లేదు. అందరికీ అదే సైకిల్ ఐతే గెలుపు డబ్బుది కాదు, కాళ్లది, బుర్రది అవుతుంది. బయటి పోటీకి ఒక్కరే పోయినా సరే, ఆ ఒక్కరికీ చార్జీ ఇవ్వాలి.

జట్టుగా ఆడేవాడు ఎంత మనవాడో, ఒంటరిగా పోయి కాలేజీ పేరు వీపు మీద మోసేవాడూ అంతే మనవాడు. ఆలోచించండి మిత్రులారా!