‘ఈ ఊరు నిజంగా ఉండాదా సారూ?’

1992లో నెల్లూరు జిల్లా ఆత్మకూరు పక్కన ఒక పల్లెలో రాత్రిబడి నడిపేవాణ్ణి. అక్షరదీపం అక్షరాస్యతా కార్యక్రమంలో వాలంటీరుని. పగలంతా కూలికి పోయి, వంట చేసి, బిడ్డల్ని పడుకోబెట్టి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చునేవాళ్లు. ఒకనాడు ‘ఆడవాళ్లు ఏకమైతే’ పాఠం చదివించాను. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా కొట్టు మూయించిన సంగతి అది. పాఠం అయ్యాక ఒకామె పుస్తకం ముయ్యకుండానే అడిగింది.

‘‘ఈ ఊరు నిజంగా ఉండాదా సారూ, రాసినోళ్లు కల్పించిందా?’’

మన కలిగిరి మండలమే అన్నాను. ‘‘అయితే బస్సు పోతాదా?’’ అంది.

పుస్తకం చదివిన మనిషి ఇంతకంటే గట్టి ప్రశ్న అడగగా నేను వినలేదు. ఇది చాలా పాత ప్రశ్న కూడా. 1719లో రాబిన్సన్ క్రూసో అచ్చయినప్పుడు మొదటి పేజీలో డిఫో పేరు లేదు. క్రూసోయే తన కథ రాసుకున్నట్టు వేశారు. అది నిజంగా జరిగిందా, కల్పనా అన్న అనుమానం అప్పటి పాఠకులకూ కలిగింది.

మన ఏనుగుల వీరాస్వామయ్య చేసింది నిజం యాత్రే. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీకి పోయి, మరుసటేడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి ఎట్లా ఉందో స్నేహితుడు శ్రీనివాసపిళ్లెకు రాస్తూ పోయాడు. 1838లో అది పుస్తకమైంది. దాన్ని చదివి మూట కట్టుకుని కాశీ దారి పట్టినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల మాట ఒక్కటీ మనకు మిగల్లేదు. కందుకూరి వీరేశలింగం రాసిన రాజశేఖర చరిత్రము మీద కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి రాసిన విమర్శ మాత్రం మిగిలింది. ‘నవల’ అన్న మాట మనకు ఆ శాస్త్రిగారే ఇచ్చారంటారు. పండితుడి మాట అచ్చులోకి ఎక్కింది, ఇంట్లో చదువుకున్నవాళ్ల మాట ఇంట్లోనే పోయింది.

మా పడమటి మెట్ట ప్రాంతంలో అట్లా పోవడానికి వీల్లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఇక్కడి పాఠకులు పుస్తకానికి ఇచ్చిన జవాబు ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి ఎక్కింది. దూబగుంట సంగతి చదివిన ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి సారా ప్యాకెట్ల బండ్లను పొలిమేరలోనే ఆపేశాయి. నెల్లూరులో సారా వేలంపాటలు ఆడవాళ్ల అడ్డగింపుతో మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. ఉద్యమానికి ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. చదువు వచ్చి ఏడాదైనా నిండనివాళ్లు ఒక వాచకాన్ని ఇట్లా చదవడం తెలుగు సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయం. దాన్ని సారా వ్యతిరేక ఉద్యమం కింద రాసుకున్నాం గానీ, చదువరుల చరిత్ర కింద రాసుకోలేదు. నాకు బాధ అక్కడే.

ఆ వాచకాలు పల్చటి పుస్తకాలు. నా దగ్గరున్నవి చెదలు తిన్నాయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా. ఉదయగిరి, ఆత్మకూరు శాఖా గ్రంథాలయాల్లో ఒక్కో బీరువా వీటికి కేటాయించమని అడుగుతున్నాను. ఇళ్లల్లో అటకల మీద ఉన్నవి తెచ్చిస్తే తీసుకోండి. దానికంటే ముందు, అప్పుడు చదువుకున్న ఆడవాళ్ల మాటలు రికార్డు చెయ్యండి. వాళ్లిప్పుడు డెబ్బై దాటుతున్నారు. కాలేజీ పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, ఒక వేసవి సెలవు చాలు.

మొన్న ఉదయగిరి పోయాను. నా దగ్గర చదివిన ఒకామె అక్కడ కూతురింట్లో ఉంది. అల్లుడు చెక్క గరిటెలు చేస్తాడు. ఆమె ఆ చెక్కపొట్టులోనే కూర్చుని బిక్కి కొయ్య గరిటెకు గరుకుకాయితం రుద్దుతా ఉంది. ఆ పాఠం గుర్తుందా అని అడిగాను. రుద్దడం ఆపింది.

‘‘నా పేరు తర్వాత నేను కూడబలుక్కుని చదివింది ఆ ఊరి పేరే సారూ. దూ... బ... గుం... ట. ఆ పుస్తకం యాడన్నా దొరికితే ఒకటి తెచ్చిపెట్టు. మనవరాలికి చూపిస్తా.’’