పేరు కత్తిరించిన రకాబీ

పోయిన రంజాన్‌లో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక రకాబీ ఫోటో వచ్చింది. నీలం మీద తెల్ల తీగలు, నడిమధ్యలో ఎనిమిది మూలల చుక్క. కింద ‘మాషాఅల్లాహ్, టర్కీ హునర్’ అని రాసుంది. ఇఫ్తార్ అయ్యేలోపు గ్రూపు నిండా ఎర్ర గుండెలే. ఫోటో అంచు ఒకవైపు కోసినట్టు ఉండేసరికి నాకు షక్ వచ్చి గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాను. ఆ రకాబీ చేసినామె టర్కీ మనిషి కాదు, మన దేశపు మనిషే. తన పేజీలో ఆ ఫోటో మూలన చిన్నగా తన పేరు వేసుకుంది. సరిగ్గా ఆ మూలనే ఎవరో కోసేశారు.

గ్రూపులో ఈ మాట చెప్పి, ఆమె పేజీ లింకు పెట్టాను. మా మామూ ఒకాయన, ‘పేరుతో పనేముంది బేటా, ఖూబ్‌సూరత్‌గా ఉందా లేదా’ అన్నారు. ఆ ఒక్క మాటతోనే నా లడాయి.

పేరుతో చాలా పనుంది మామూ. ‘పింగాణీ’ అనే తెలుగు మాటే చూడండి. అది ఫారసీ ‘పింగాన్’. అరబ్బులు దాన్ని ‘ఫింజాన్’ చేసుకున్నారు, కప్పు అని అర్థం. ఆవకాయ పెట్టే జాడీని మన నానీలు ‘మర్తబాన్’ అంటారు కదా, అది బర్మాలో ఆ జాడీలు ఓడలెక్కిన రేవు పేరు. మన చినగంజాం పక్కన మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు సముద్రం మీద వచ్చే సౌదాగర్లకు భరోసా ఇస్తూ 1244లో అభయ శాసనం వేయించిన రేవు. అక్కడి మట్టిలో చైనా పింగాణీ ముక్కలు బయటపడ్డాయి. ఆ చైనావాళ్ళే తెల్ల పింగాణీ మీద నీలం బొమ్మలు వేయడానికి ఇరాన్ నుంచి కోబాల్ట్ తెప్పించుకున్నారు. అలాంటి ఒక నీలానికి ‘ముసల్మాను నీలం’ అని అర్థమొచ్చే పేరు కూడా పెట్టుకున్నారు. అంటే ఈ హునర్‌లో మన వాటా ఆషామాషీ కాదు. సూరె రహ్మాన్‌లో మనిషి పుట్టుకను పోల్చింది కూడా కాల్చిన కుండమట్టితోనే.

ఇక దస్తఖత్ సంగతి. ఇరాన్‌లో కాషాన్ అనే ఊరుంది. అక్కడి అబూ జైద్ అనే ఉస్తాద్ చేసిన పళ్ళాలు, పలకలు ఇవాళ దునియాలోని పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. ఆయన తన పేరు, సంవత్సరం వాటి మీదే రాసుకున్నాడు. ఆ తారీఖులు 1186 నుంచి 1219 దాకా దొరుకుతాయి. ఎనిమిది వందల ఏళ్ళ కింద, మంగోలులు వచ్చి పడకముందు, ఒక కారీగర్ తన పేరు రాసుకోగలిగాడు. 4జీ ఫోన్ చేతిలో ఉన్న మనం ఆ పేరును వేలితో పక్కకు జరిపి కోసేస్తున్నాం.

‘తన పేరు తాను చెప్పుకోవడం రియా’ అని ఒక భాయ్ నాకు నసీహత్ చేశారు. భాయ్‌సాబ్, రియా ఇబాదత్‌లో ఉండకూడదు. కప్పు అడుగున పేరుంటే అది అంగడి బోర్డు లాంటిదే, పగిలినా కారినా ఎవర్ని అడగాలో తెలుస్తుంది. అయినా మసీదులో సీలింగ్ ఫ్యాను ఇచ్చి మూడు రెక్కల మీదా వల్దియత్‌తో సహా పేరు రాయించుకునే ఖౌమ్ మనది. ఆ ఫ్యాను కింద కూర్చుని ఒక ఆడపిల్లకు రియా గురించి చెప్పకండి.

పేరు పోతే ఏమవుతుందో ఒక కిస్సా చెబుతాను. ఈ దేశంలో స్టూడియో పాటరీకి పునాది వేసినవాళ్ళలో సర్దార్ గురుచరణ్ సింగ్ ఒకరు. 1919లో జపాన్ వెళ్ళి చదివొచ్చారు, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ పెట్టారు, 1991లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే ఆ ఢిల్లీ నీలం మెరుగు ఆయనకు ఎక్కడిది? అబ్దుల్లా అనే పఠాన్ కుమ్మరి దగ్గర నేర్చుకున్నది. సర్దార్‌జీ ఆ మాట దాచలేదు, అందుకే ఆ పేరైనా మిగిలింది. శాగిర్ద్ షరీఫ్ అయితే ఉస్తాద్ పేరు మిగిలిందన్నమాట. శాగిర్ద్ నోరు మెదపకపోతే? వాట్సాప్‌లో ఫార్వర్డ్ కొట్టే మనం ఎవరికి శాగిర్దులం, మనమెందుకు చెబుతాం?

నాకెందుకింత కోపమంటే, నేను నూర్‌బాషా ఇంటివాడిని. మా దాదా దూదేకే విల్లు భుజాన వేసుకుని చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. పరుపులకు, రజాయీలకు దూది ఏకేవాడు. పెద్దింటి సాయిబులు పరుపు మెత్తదనాన్ని వాహ్‌వా అనేవాళ్ళు, దాదాను మాత్రం అరుగు మీదే కూర్చోబెట్టేవాళ్ళు. తర్వాత మిషన్లొచ్చాయి. విల్లు అటకెక్కింది. ఆ పరుపుల మీద నిద్రపోయి పెరిగిన పిల్లలకు మా దాదా పేరు తెలియదు. మన చీరాల తేలియా రుమాళ్ళను అరబ్బులు తలకు చుట్టుకున్నారు. నేసినవాళ్ళలో ఒక్కడి పేరు చెప్పమనండి చూద్దాం. దూరం నుంచి వచ్చిందైతే ‘ఇస్లామిక్ ఆర్ట్’, పక్కింట్లో పుట్టిందైతే ‘చేతిపని’. ఈ ఫరఖ్ మనకు ఎవరు నేర్పారు?

జహేజ్ సంగతి అడగండి. మా వైపు ఏ షాదీకి వెళ్ళినా అట్టపెట్టెలో ఒక డిన్నర్ సెట్టు ఉంటుంది, పూలు అచ్చేసిన తెల్ల ప్లేట్లు. చాలామంది అది పింగాణీ అనుకుంటారు. ఓపల్‌వేర్ అంటే గాజు. మెలమైన్ అయితే ప్లాస్టిక్‌కు చుట్టం. అత్తగారింట్లో అది షోకేసులోకి వెళ్తుంది, ఈద్‌కి ఈద్‌కి ధూళి దులుపుకుంటుంది. చేత్తో చేసిన కప్పు కొనమంటే మాత్రం ‘ఇస్రాఫ్’ అంటారు. వాడని ముప్పై మూడు ముక్కలు ఇస్రాఫ్ కాదు, రోజూ చాయ్ తాగే రెండు కప్పులు ఇస్రాఫ్!

ధర ఎక్కువే, కాదనను. ఎందుకెక్కువో చూడండి. మట్టిని పిసికి గాలి బుడగ లేకుండా చేయాలి. చక్రం మీద లాగాలి. సగం ఆరాక అడుగు చెక్కి పిడి అతికించాలి. నీడలో మెల్లగా ఆరనివ్వాలి, తొందరపడితే చీలుతుంది. ఒకసారి కాల్చాలి, మెరుగు పూత ముంచాలి, మళ్ళీ 1,200 డిగ్రీల దాకా కాల్చాలి. కల్లంలో మిర్చికి తాలు పోయినట్టు బట్టీలోనూ తాలు పోతుంది. పగిలినవి, వంగినవి, రంగు తేలనివి. ఆ నష్టమంతా మిగిలిన కప్పుల ధరలోనే రావాలి. గుంటూరు యార్డులో క్వింటాలుకు ధర తగ్గిస్తే రోడ్డెక్కే మనమే, ఆ పిల్లకు మెసేజ్ పెట్టి ‘సగానికి ఇస్తారా’ అని అడుగుతాం. మిర్చి తేజానా, బాడిగనా అని అడగకుండా కొనని మనమే, ఈ కప్పు ఎవరిదని అడగం.

అడిగితే పేర్లు దొరుకుతాయి. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రలో ఇండియన్ సిరామిక్స్ ట్రినాలే మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఆరుగురిలో రియాజ్ బదరుద్దీన్ ఒకరు, తనూ సిరామిక్ కళాకారుడే. మనలో ఎంతమందిమి ఆయన పేరు విన్నాం? లాహోర్‌లో షహర్‌జాద్ ఆలం ఉండేవారు, 2022లో ఇంతెఖాల్ అయ్యారు. కడుపు చించుకు పుట్టిన బిడ్డను పోగొట్టుకుని, ఆ బిడ్డ పేరు మీద ‘జహానె జహానారా’ అని పెట్టి పిల్లలకు మట్టి పని నేర్పారు. ఇబ్రాహీం సయీద్ కైరోలోని ఫుస్తాత్ కుమ్మరి ఇంటి బిడ్డ, ఇప్పుడు అమెరికాలో చేస్తున్నాడు. ఇంగ్లండ్‌లో పెరిగిన హలీమా కాసెల్ ఒక్కో దేశం మట్టి తెప్పించి ఒక్కో పాత్ర చెక్కుతోంది. ముసల్మానులే కావాలని నేను అనడం లేదు, మన హైదరాబాద్‌లో ఆర్తీ వీర్ ఉన్నారు, ఆమె పని చూడండి. కచ్‌లోని ఖావడాలో కుంభార్లు ముసల్మానులు. అక్కడ చక్రం మీద మగవాళ్ళు లాగితే, దాని మీద గీతలు, చుక్కలు ఆడవాళ్ళు వేస్తారు. ఆ కుండల రీళ్ళు లక్షలమంది చూస్తారు. రీలు కింద ఊరి పేరుంటుంది, ఆ చుక్కలు పెట్టిన చేతి పేరుండదు.

ఒకటే జాగ్రత్త. అలంకారానికి చేసిన పళ్ళాల్లో సీసం కలిసిన మెరుగు ఉండొచ్చు. తినడానికి పనికొస్తుందా అని చేసినవాళ్ళను అడిగి కొనండి. ఇక్కడా పేరు తెలిస్తేనే అడగగలం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా ఆపా కూతురు నరసరావుపేటలో ఉంటుంది. డిగ్రీ చదువుతూ యూట్యూబ్ చూసి మట్టి పట్టింది. ఊరి కుమ్మరి పెద్దాయన దగ్గర కూర్చుని చక్రం నేర్చుకుంది, ఆయన్ని తాతా అని పిలుస్తుంది. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా ఉంది, పంపండి అంటే మా దుల్హాభాయ్ నవ్వారు. ‘కుండలు చేయడానికి సర్టిఫికెట్ ఏంటి’ అని. ఆ నవ్వు నాకు తెలుసు, మా దాదాను అరుగు మీద కూర్చోబెట్టిన నవ్వే అది. ఇప్పుడు ఆమె ఒక చిన్న ఎలక్ట్రిక్ కొలిమి కొనుక్కుంది, ట్యూషన్లు చెప్పుకున్న డబ్బుతో. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ ఉంది. అందులో ముఖం లేదు, పేరు లేదు. చేతులు మాత్రమే, మణికట్టు దాకా చాదర్. పర్దా ఆమె ఇష్టం, దాని మీద నాకు ఐతరాజ్ లేదు. కానీ పేరు తీసేయమన్నది ఆమె కాదు, ఇంట్లోవాళ్ళు. ‘రిష్తాలు వచ్చే వయసు, కుమ్మరి పని చేస్తుందని తెలిస్తే లోగ్ క్యా కహేంగే’ అని.

ఆమె చేసిన కప్పుల్లో నేను రోజూ చాయ్ తాగుతున్నాను. మన మిర్చి తొడిమ ఎండినప్పటి రంగు, అంచున పత్తికాయ పగిలినంత తెలుపు. ఒక కప్పు తిరగేసి చూస్తే అడుగున గోటితో గీసిన ఒక ‘నూన్’ ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు మామూ అంది.

వచ్చే జుమేరాత్‌న పిల్లను చూడ్డానికి వస్తున్నారట. ఆపా షోకేసులోంచి పూల సెట్టు దించి కడుగుతోంది. నేను ఫోన్ చేసి చెప్పాను, చాయ్ పిల్ల కప్పుల్లోనే పోయాలి, ఎక్కడ కొన్నారని వాళ్ళు అడిగితే పేరు చెప్పాలి, లేదంటే నేను రాను. ఆపా ‘సోచ్‌కే బోల్తూఁ’ అని పెట్టేసింది.